దుర్యోధనుడి తొడలో కడవ

మా బావ వెంకటమునికి ఒక జబ్బు ఉండేది. మట్టికుండ కంటబడితే చాలు, వేలు మడిచి కణుపుతో దాని పొట్ట మీద కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు. అది తను చేసిన కుండ కావచ్చు, పరాయివాడు చేసింది కావచ్చు, పెళ్ళిపందిట్లో ముగ్గుల మధ్య పేర్చింది కావచ్చు, చివరికి ఎవరో ఆడమనిషి నెత్తిన నీళ్ళతో పోతున్న కడవ కావచ్చు. ఖణ్‌మని మోగితే ఆయన మొహం చాటంత అయ్యేది. చప్పుడు మొద్దుగా వచ్చిందా, ఆ కుండను అవతలికి నెట్టేసి, "ఎవుడు చేసినాడో గానీ, వానికి అన్నం ఎట్ల సయిస్తా ఉందో!" అనేవాడు. ఆ జబ్బు మూలంగా 1957 వైశాఖంలో, పట్టపగలు, మూడూళ్ళ జనం ఎదుట మా ఇంటి పరువు పోయినంత పనయింది. 

నేనెవరో చెప్పాలి గదా. నా పేరు గోవిందస్వామి. తిరుత్తణి స్టేషన్ గూడ్సు షెడ్డులో గుమాస్తా పని చేసేవాణ్ణి. మా అక్క వరదమ్మను వెంకటముని బావకిచ్చారు. వాళ్ళ ఊరు పళ్ళిపట్టు దారిలో ఎర్రకుప్పం. మాదీ కుమ్మరి కులమే గానీ, నాకు నాలుగక్షరాలు అబ్బి, చొక్కా తొడుక్కునే ఉద్యోగం దొరికి, మట్టి పని చేతకాకుండా పోయింది. ఆ మాట ఎవరైనా ఎత్తితే నాకు ఒళ్ళు మండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బావకు కోపమన్నదే తెలియదు. అందుకే మా ఇద్దరికీ అంత బాగా కుదిరింది.

తెల్లవారేసరికి ఆయన చెరువులో ఉండేవాడు. పైనున్న మట్టి తీసి పారేసి, అడుగున నల్లగా జిగురుగా ఉండే మట్టి తవ్వి కావిడిలో మోసుకొచ్చేవాడు. ఎండబెట్టి, నలగ్గొట్టి, నానబెట్టి, సన్న ఇసుక కలిపి కాళ్ళతో తొక్కేవాడు. తొక్కుతూ తొక్కుతూ ఉన్నట్టుండి ఆగి, కాలి వేళ్ళతోనే ఆవగింజంత రాయిని పట్టి బయట పారేసేవాడు. ఆ తరువాత సారె. కర్రతో చక్రాన్ని గిర్రున తిప్పి, నడిమధ్య పెట్టిన ముద్దను రెండు చేతులతో పైకి లేపుతుంటే, నాలాంటి కోపిష్టి కూడా నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోవలసిందే!

కానీ సారె మీంచి దిగిన కడవకు అడుగు ఉండదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. అడుగున పెద్ద రంధ్రంతోనే అది దిగుతుంది. కొంచెం ఆరిన తరువాత, లోపల ఎడమచేత్తో రాయి పట్టి, బయట కుడిచేత్తో చెక్కతో తట్టుతూ, తట్టుతూ, మట్టిని సాగదీసి ఆ రంధ్రాన్ని మూయాలి. మా అక్క ఇంట్లో పొద్దస్తమానం టప్ టప్ మని అదే చప్పుడు. ఎక్కడ మూసిందీ బావ తప్ప ఇంకొకడు కనిపెట్టలేడు. "నా కడవకు అతుకు యాడుందో చూపించు, నీకు ఆవంలో కాల్చిన కుండలన్నీ ఇచ్చేస్తా" అని సంతలో సవాలు చేసేవాడు. ఒక్కడూ చూపించలేకపోయాడు.

ఒకసారి అమావాస్య సంతకని తిరువళ్ళూరు బయల్దేరాం. అరక్కోణంలో బండి మారి, తిరువాలంగాడు దాటి, తిరువళ్ళూరులో దిగేసరికి జనం తోపులాటలో మా తట్ట పక్కకు ఒరిగి ఒక కడవ ప్లాట్‌ఫారం మీంచి కంకర రాళ్ళ మీదికి దొర్లింది. నేను తల పట్టుకున్నాను. బావ ఎగిరి కిందికి దూకి, కడవను ఎత్తి, కణుపుతో కొట్టి, ఖణ్‌మనగానే దాన్ని రెండు చేతులతో నెత్తిన పెట్టుకుని, "పగల్లేదు! చూడండప్పా, పగల్లేదు!" అని తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి అరిచాడు. స్టేషన్ మాస్టరు నాకు తెలిసినవాడు. నాకు భూమిలోకి దూరిపోదామనిపించింది. కానీ ఆ రోజు మధ్యాహ్నానికి తట్ట ఖాళీ! పక్క అంగడిలో సత్తు బిందెలు తళతళలాడుతూ అలాగే ఉండిపోయాయి. అప్పటి నుంచీ ఆ కంకర రాళ్ళ కథ ఆయన నోట్లో పెరుగుతూ పోయింది. చివరికి కడవ మీంచి రైలు పోయినా పగల్లేదన్నంత దాకా వచ్చింది.

ఇలాంటి మనిషికి పగిలి తీరాల్సిన కడవ ఒకటి చేయాల్సి వచ్చింది.

మా వైపు ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్ళల్లో వేసవిలో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. కథ చెబుతారు, వీధినాటకం ఆడతారు. ఆఖరి రోజు దుర్యోధన వధ. అది పగటిపూటే, గుడి ముందు బయల్లోనే. నేల మీద ముప్పై అడుగుల దుర్యోధనుణ్ణి మట్టితో చేసి వెల్లకిలా పడుకోబెడతారు. ఎడమ తొడలో ఒక కడవ పెట్టి, పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు పోసి, పైన మట్టి కప్పేస్తారు. భీముడి వేషగాడు గదతో ఆ తొడ మీద కొట్టాలి. కడవ పగిలి ఎర్రనీళ్ళు చిమ్మాలి. ఆ నీళ్ళు తలకు రాసుకుని ద్రౌపదమ్మ, పద్దెనిమిది రోజులుగా విరబోసుకున్న జుట్టును ముడి వేసుకోవాలి. మూడు దెబ్బల్లో పగలకపోతే ఊరికి కీడు.

ఆ దుర్యోధనుణ్ణి చేసే హక్కు నాలుగు తరాలుగా మా బావ వాళ్ళ ఇంటిది. కడవ పగలగానే ద్రౌపదమ్మ ఆ తొడలోంచి మొదటి మట్టిపెళ్ళ తీసి కుమ్మరి చేతిలో పెడుతుంది. ఆ పెళ్ళ ఎవరి చేతిలో పడితే వచ్చే ఏడు హక్కు వాళ్ళది. మా బావ ఆస్తి అంతా కలిపి ఒక సారె, ఒక ఆవం, ఈ పెళ్ళ. ఊళ్ళో పెద్ద రైతులు కూడా ఆ ఒక్క రోజు ఆయనకు దారి వదిలి నిలబడతారు.

బావ వాళ్ళ నాన్న బతికున్నన్నాళ్ళూ తొడలో కడవ ఆయనే చేసేవాడు. కొడుకును మట్టి మోయనిచ్చేవాడు, మీసాలు దిద్దనిచ్చేవాడు గానీ ఆ కడవ జోలికి మాత్రం రానిచ్చేవాడు కాదు. అంతకుముందు కార్తీకంలో పెద్దాయన పోయాడు. ఎలా చేసేవాడో ఒక్క ముక్క చెప్పకుండానే పోయాడు.

గుడి ధర్మకర్త కోదండరామ నాయుడు బావను పిలిపించాడు. "ఒరే మునీ, ఇది మీ నాయన పని. నీకు చేతనయితే చెయ్. చేతగాదంటే ఇప్పుడే చెప్పు, పక్కూరి వాసుదేవ తయారుగా ఉండాడు. నడిమధ్యలో ఊరిని నగుబాటు చేయొద్దు" అన్నాడు. వాసుదేవ కూడా కుమ్మరే, మంచి పనివాడే. బావ చేతులు కట్టుకుని, "చేస్తాను సామీ, కడవ చేయలేనా?" అని వచ్చేశాడు.

వచ్చేశాడు గానీ, అక్కడి నుంచి మొదలయింది అసలు తంటా! ఆ కడవ పొద్దున పోసిన నీళ్ళను మధ్యాహ్నం దాకా ఆపాలి. భీముడి గద తగలగానే పగలాలి. ఆ గద ఏమైనా ఇనుపదా? బూరుగు చెక్క, లోపల డొల్ల, పైన జిలుగు కాగితం. మొదట కాల్చని పచ్చికడవలో నీళ్ళు పోసి చూశాడు. నేను తమలపాకులు నమిలేలోపు అది నానిపోయి చతికిలబడింది. సరే, పల్చగా చేద్దామని కాగితంలా గీకి కాల్చాడు. పల్చన కావడంతో నిప్పు నిండా పట్టి, అది ఇంకా గట్టిపడి కూర్చుంది. మా అక్క రోకలి తెచ్చి ఒక్కటేసింది. రోకలి ఎగిరిపడింది, అక్క మణికట్టు బెణికింది. "బాగా చేసినావు! దుర్యోధనుడు ఈ కడవ పట్టుకుని యుద్ధానికి పోయింటే గెలిచుండును!" అని అక్క అరుస్తుంటే, బావ మాత్రం ఆ కడవను నిమురుతూ, "మేయ్, ఎట్ల మోగుతా ఉందో విన్నావా?" అంటాడు. నాకు ఒళ్ళు మండి పై తుండు నేలకేసి కొట్టాను.

చివరికి అక్కే ఒక మాట చెప్పింది. మామ ఎప్పుడూ ఆ కడవను ఆవం నడుమ పెట్టేవాడు కాదనీ, అంచున గాలి తగిలే చోట పెట్టడం చూశాననీ. అంతే! మరుసటి ఆవంలో నాలుగు కడవలు అంచున పెట్టాడు. సగం కాలీ సగం కాలక బూడిదరంగులో దిగాయి. పెరట్లో మట్టితో ఒక తొడ చేసి, ఒక కడవ పెట్టి, ఎర్రనీళ్ళు పోసి, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆగాం. అప్పుడు నన్ను భీముణ్ణి చేశారు. చేతికి ఒక మునగ కట్టె ఇచ్చారు. కొట్టాను. ఫట్‌మని పగిలి ఎర్రనీళ్ళు నా తెల్లచొక్కా నిండా చిమ్మాయి! ముగ్గురం పెరట్లో ఎగిరి గంతులేశాం. రైల్వే గుమాస్తాననే సంగతి నేను మరచిపోయాను. ఆ చొక్కా మళ్ళీ తెల్లబడనే లేదు.

పద్దెనిమిదో రోజు రానే వచ్చింది. నేను సెలవు పెట్టి ముందురోజు సాయంత్రమే చేరుకున్నాను. తెల్లవారీ వారకముందే బావ గుడి ముందు మట్టి మీద ఉన్నాడు. ఎనిమిది మంది తట్టలతో మట్టి అందిస్తుంటే, ఆయన ఆ కొసన కాలివేళ్ళు చెక్కి ఈ కొసకు పరిగెత్తి కిరీటం దిద్దేవాడు. ఏమి మీసాలు! ఏమి రొమ్ము! బస్సులు ఆపుకుని డ్రైవర్లు దిగి చూశారు. పళ్ళిపట్టు నుంచి, తిరుత్తణి నుంచి జనం బళ్ళు కట్టుకుని దిగబడ్డారు. ఆ రోజుల్లో మా తాలూకా ఆంధ్రలో ఉండాలా మద్రాసులో కలవాలా అని టీ కొట్టుల్లో కొట్లాడుకునేవాళ్ళు. దుర్యోధనుడి ముందు రెండు పక్షాలవాళ్ళూ ఒకే నీడకోసం తోసుకుంటున్నారు.

కళ్ళు పెట్టే ముహూర్తం దగ్గర పడింది. కోడిగుడ్డు పెంకులతో కళ్ళు పెట్టాక ఆ బొమ్మను ఎవరూ తాకకూడదు, భీముడి గద తప్ప. నాయుడు కేకలు వేస్తున్నాడు. బావ ఎడమ తొడ మీద బోర్లా పడుకుని గుంట చదును చేస్తున్నాడు. పక్కన గడ్డి మీద రెండు కడవలు. ఒకటి తొడలో పెట్టాల్సిన సగం కాలిన కడవ. ఇంకొకటి మట్టి తడపడానికి నీళ్ళు మోసిన మంచి కడవ. రెండూ ఒకే కొలత, రెండింటికీ తడిమట్టి పులుముకుని ఉంది. బావ తల తిప్పకుండా చెయ్యి చాచాడు. నేను కడవ అందించాను. నేనిచ్చింది సరైనదే, ఈ సంగతి ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతాను! బావ దాన్ని అందుకుని, అలవాటుగా, కణుపుతో కొట్టాడు. చప్పుడు మొద్దుగా వచ్చింది. చెయ్యి దానంతట అది ఆ కడవను పక్కకు నెట్టేసింది. రెండోదాన్ని అందుకుంది, కొట్టింది. ఖణ్. దించేశాడు గుంటలో, మూతి మోకాటి వైపు ఏటవాలుగా పైకెత్తి పెట్టి. ఇత్తడి బిందెలోని ఎర్రనీళ్ళు పోశాడు, మూత పెట్టాడు, మట్టి కప్పాడు.

నేను చూస్తూనే ఉన్నాను. ఆయన కుండలు కొట్టి చూడటం రోజూ చూసేదే గనక నాకు ఏమీ తోచలేదు. గూడ్సు షెడ్డులో మూటలు మారితే కనిపెట్టే నా కళ్ళు ఆ క్షణాన ఏ గడ్డి మేశాయో.

కళ్ళు పెట్టారు. డప్పులు లేచాయి. దుర్యోధన వేషగాడు బొమ్మ చుట్టూ పరిగెత్తుతున్నాడు. వెనకాల భీముడు. భీముడి వేషం కట్టింది దండపాణి అని తిరువళ్ళూరు వైపు మనిషి, నిండా పాతికేళ్ళు లేవు, ఆ ఊళ్ళో అదే మొదటిసారి. ద్రౌపదమ్మ వేషం వరదన్‌ది. పద్దెనిమిది రోజులుగా ఉపవాసంతో ఉన్నాడు, ఎవరూ ఆయన్ను పేరుతో పిలవరు, చూస్తే చేతులెత్తి మొక్కుతారు. జుట్టు విరబోసుకుని తొడ దగ్గర కదలకుండా నిలబడి ఉంది అమ్మ.

మా అక్కకు దాహమేసింది. గడ్డి మీద మిగిలిన కడవలో తాగే నీళ్ళు పోసుకుందామని మెడ పట్టుకుని ఎత్తింది. మెడ చేతిలోకి ఊడి వచ్చింది.

అక్క ఆ ముక్కను చూసింది. నన్ను చూసింది. "ఒరే గోయిందా, ఇది యాడుండాల్సింది, ఈడుండాదేందిరా?" అంది.  బావ దగ్గరికి తోసుకుంటూ పోయి ఆ మెడముక్క చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కణుపుతో కొట్టాడు! ఆ సమయంలో కూడా! కొట్టి, బొమ్మ తొడ వైపు చూసి, నిలుచున్నవాడు నిలుచున్నట్టే కూలబడ్డాడు.

"మంచిది పెట్టేసినాను బామ్మర్దీ. నా చెయ్యే పెట్టేసింది."

తవ్వి తీద్దామంటే కళ్ళు పెట్టేశారు. భీముడికి చెబుదామంటే ఆయన గద తిప్పుతూ ఆవేశంలో ఉన్నాడు. నాయుడి పక్కనే వాసుదేవ తెల్లపంచె కట్టుకుని నిలబడి ఉన్నాడు. నాకు బావ మీద ఎంత కోపం వచ్చిందంటే, జబ్బ పట్టుకుని లేపి, "లే! నాలుగు తరాల హక్కు పోతా ఉంటే కూర్చుంటావా? లే!" అని ఊపేశాను. ఊపుతూ నేనే ఏడుస్తున్నాను.

దండపాణి బొమ్మ మీదికి ఎగిరి మొదటి దెబ్బ కొట్టాడు. తొడ మీద మట్టి చెదిరింది. నీళ్ళు లేవు.  డప్పులవాళ్ళు ఒకరినొకరు చూసుకుని, మళ్ళీ వాయించారు. దండపాణి వెనక్కి పరిగెత్తి, ఊపు తెచ్చుకుని, రెండో దెబ్బ కొట్టాడు. గద నడుమకు విరిగింది, జిలుగు కాగితం చిరిగి చెక్క బయటపడింది. తొడ మాత్రం అట్లాగే ఉంది.

అయ్యో అని ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. మగవాళ్ళు దండపాణి మీద విరుచుకుపడ్డారు. "కూడు తిన్లేదా రా!" అని ఒకడు, "వీణ్ణి ఎవరప్పా భీముడన్నది!" అని ఇంకొకడు, పొమ్మని ఒకడు మట్టిబెడ్డ విసిరాడు. పాపం, ఆ కుర్రవాడికి కళ్ళనిండా నీళ్ళు. విరిగిన గద రెండు చేతులతో పట్టుకుని, "పోదుం సామీ, చాలు, భుజం పోయింది, నా బలమంతా పెట్టినాను" అంటున్నాడు. ఇంకొక్క దెబ్బ మిగిలింది.

అప్పుడు లేచాడు మా బావ.

గుడి పక్కన పొంగలి బియ్యం దంచిన రోకలి ఒకటి గోడకు ఆనించి ఉంది. ఇనుప పొన్ను వేసిన రోకలి. దాన్ని భుజాన వేసుకుని, జనాన్ని చీల్చుకుని, తిన్నగా దండపాణి ముందుకు పోయి నిలబడ్డాడు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది.

"వాణ్ణి తిట్టొద్దండప్పా! వాని భుజంది కాదు తప్పు. నాది! సగం కాలిన కడవ పెట్టాల్సిన చోట నా మంచి కడవ పెట్టినాను. కొట్టి చూసి, మోగింది గదా అని పెట్టేసినాను!"

ఎక్కడో ఒకడు పక్కున నవ్వాడు. నాయుడు చెయ్యెత్తి, "ఏందిరా నువ్వనేది? దుర్యోధనుడికి మంచి కడవ పెట్టినావా?" అని గర్జించాడు.

"పెట్టినాను సామీ. తరవాత ఏమన్నా చేసుకోండి." బావ రోకలిని దండపాణి చేతిలో పెట్టాడు. పెట్టి, తన ఎడమ తొడ మీద అరచేత్తో చరిచి చూపించాడు, మోకాటి దగ్గర కాదు, పైన, నడుముకు దగ్గరగా. "నాయనా, నువ్వు కడవ పొట్ట మీద కొడతా ఉండావు. పొట్ట పగలదు. దీని మూతి మోకాటి పక్క, అడుగు నడుము పక్క ఉండాది. అడుగున నడిమధ్యలో నేను రంధ్రం మూసిన చోటు ఉండాది. నా కడవకు అతుకు అదొక్కటే. నేను చేసిన ప్రతి కడవకూ అతుకు ఆడనే. ఏటవాలుగా, పైనించి ఆ చోటు మీద కొట్టు!"

వాసుదేవ వింటున్నాడు. మూడూళ్ళ జనం వింటున్నారు. ఇరవై ఏళ్ళుగా సంతల్లో చేతనయితే చూపించమని సవాలు చేసిన సంగతిని ఆయన తొడ చరిచి మరీ చెప్పేశాడు!  అక్క నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దించింది.

దండపాణి కళ్ళు తుడుచుకున్నాడు. రోకలి బరువు చూసుకున్నాడు. డప్పులు మొదలయ్యాయి, మెల్లగా, తరువాత గబగబా, తరువాత చెవులు చిల్లులు పడేటట్టు. వాడు కిరీటం దగ్గర్నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు, రొమ్ము మీదుగా, పొట్ట మీదుగా, నడుము దగ్గర గాల్లోకి లేచాడు. రోకలి ఏటవాలుగా దిగింది.

ఆ చప్పుడు నేను ఎన్నటికీ మరచిపోలేను! లోపలినుంచి ఢమ్మని, తొడ రెండుగా విచ్చుకుని, ఎర్రనీళ్ళు మనిషెత్తు లేచాయి! ఏటేటా చూసినవాళ్ళు చెప్పారు, అంతకుముందు ఎన్నడూ అంత లేవలేదట. సగం కాలిన కడవలో మధ్యాహ్నానికి సగం నీళ్ళు మట్టిలోకి ఇంకిపోయేవి. బావ మంచి కడవ ఒక్క చుక్క కూడా వదల్లేదు. దండపాణి తడిశాడు, డప్పులవాళ్ళు తడిశారు, నాయుడి తెల్లతలపాగా ఎర్రబడింది. గోవిందా గోవిందా అని జనం అరిచిన అరుపు తిరుత్తణి కొండ దాకా వినిపించి ఉంటుంది.

ద్రౌపదమ్మ రెండు చేతులూ ముంచి తలకు రాసుకుంది. మళ్ళీ ముంచింది. నీళ్ళు ఇంకా ఉన్నాయి. జుట్టంతా తడిసి, ముఖం మీదుగా, మెడ మీదుగా కారుతుండగా ముడి వేసుకుంది. ఆడవాళ్ళు కుంకుమ చల్లారు. జనం ఇళ్ళకు పట్టుకుపోయే ఆ మట్టికోసం ముందుకు తోసుకోబోతే నాయుడు చేతులు అడ్డం పెట్టాడు.

"ఆగండి! మొదటి పెళ్ళ ఎవరిదో తేలాల! కడవ పగిలింది నిజమే. కానీ కుమ్మరి వచ్చి చోటు చూపించి, రోకలి ఇచ్చి కొట్టించినాడు. ఇట్ల ఎన్నడన్నా జరిగిందా? ఇది ఒప్పుకోవాల్నా?"

ఒకరు ఒప్పుకోవాలన్నారు, ఒకరు కూడదన్నారు.  బావ దోషిలా తల వంచుకుని నిలబడ్డాడు. నాయుడి మీదికి దూకుదామని నేను పంచె ఎగగట్టాను, అక్క వెనక్కి లాగింది.

ద్రౌపదమ్మ వంగింది. విరిగిన తొడలోంచి ఒక పెళ్ళ ఎత్తింది, రెండు చేతులకూ సరిపోయేంత పెళ్ళ, ఎర్రనీళ్ళు కారుతూ. దాన్ని పట్టుకుని జనం మధ్యలో నడిచింది. నాయుణ్ణి దాటింది. వాసుదేవ రెండడుగులు వెనక్కి వేసి దారి ఇచ్చాడు. మా బావ ముందు ఆగింది. పద్దెనిమిది రోజులుగా నాటకంలో తప్ప బయట నోరు విప్పని మనిషి, గొంతు బొంగురుపోయి ఉంది.

"ఇన్నేండ్లుగా చారెడు నీళ్ళే ఇచ్చినారు నాయనా. మట్టి పూసుకునే ముడి వేసుకుంటి. ఈ యేడు నా తల నిండా తడిసింది."

పెళ్ళను బావ చేతుల్లో పెట్టింది.

నాయుడు తలపాగా తీసి చంకలో పెట్టుకుని దణ్ణం పెట్టాడు. డప్పులు పగిలిపోయేటట్టు మోగాయి. దండపాణి భుజం నొప్పి మరచిపోయి బావను అమాంతం ఎత్తుకున్నాడు. మా అక్క ఏడుస్తూ నవ్వుతూ అందరినీ తిడుతోంది. బావ ఆ మట్టిపెళ్ళను గుండెకు ఆనించుకుని, గాల్లోంచే నా కోసం వెతికాడు. నేను కనబడగానే, కొడుకు పుట్టినవాడిలా అరిచాడు.

"పగిలిపాయ బామ్మర్దీ! నా కడవ పగిలిపాయ!"